ఎవరి తాలూకు?

కేంద్ర ప్రభుత్వ కొలువులో చేరబోయేవారు నింపవలసిన ధ్రువీకరణ పత్రం ఒకటున్నది. అటెస్టేషన్ ఫారం అంటే త్వరగా తెలుస్తుంది. అబద్ధం వ్రాసినా, ఉన్నది దాచినా అనర్హులవుతారన్న హెచ్చరిక దాని నెత్తి మీదనే ఉంటుంది. పిమ్మట ప్రశ్నలు. గడచిన ఐదేళ్ళలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ నివసించారు? తల్లి, తండ్రి, భార్య, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎక్కడ పుట్టారు, వారి జాతీయత ఏమి, ఏం చేస్తున్నారు? ఎప్పుడైనా అరెస్టయ్యారా? కేసు నడిచిందా? మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు పెద్దమనుషులెవరు? నౌకాదళంలో నావికుడిగా చేరే కుర్రవానికీ ఈ విచారణ తప్పదు. కాగితం రూపు వేరైనా కావచ్చు గాని అడిగేది ఇదే. ఊళ్ళోకి వచ్చిన కొత్త మనిషిని మన పెద్దలు "ఎవరి తాలూకు, అబ్బాయ్?" అని అడిగేవారు కదా, ఆ ప్రశ్నకే సర్కారు గళ్ళు గీసి అచ్చు వేసింది.

యుద్ధాలకూ సంధులకూ మన చరిత్ర గ్రంథాల్లో ఉన్న చోటు ఈ కాగితానికి లేదు. కాని ఎందరి బ్రతుకులో ఈ కాగితం దగ్గర మలుపు తిరిగాయి. నేనుండే మలక్‌పేట నుంచే దీని వెనుకటి చరిత్రను కొంత తవ్వవచ్చునని నాకు తోచింది.

మూసారాంబాగ్ దాటి ఆస్మాన్‌గఢ్ గుట్ట ఎక్కితే ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి కనిపిస్తుంది. నల్లరాతి స్తంభం, దాని మీద అతని పేరులోని రెండు పొడి అక్షరాలు. "మూసా రాం" అని హిందువులు, "మూసా రహీం" అని ముస్లిములు అతనిని పిలుచుకున్నారని, ఆ పేరే పేటకు నిలిచిందని స్థానికులు చెప్పుకుంటారు. (ఈనాటి పిల్లలకు అక్కడి గుర్తు టీవీ టవర్ మాత్రమే. రేమండ్ ఎవరని అడిగితే బట్టల దుకాణం చూపిస్తారు.) నిజాం అలీ ఖాన్ కొలువులో రేమండ్ పెంచిన దళంలో 14,000 వరకు సిపాయిలుండేవారు. 1798 మార్చిలో అతడు మరణించాడు. ఆ ఏడే బొనపార్టు ఈజిప్టులో దిగాడు. మైసూరులో టిప్పు ఫ్రెంచివారితో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుపుతున్నాడు. కంపెనీవారికి నిద్ర పట్టలేదు.

1798 సెప్టెంబరు 1న నిజాంతో కుదిరిన సంధిలో ఒక షరతు ఉన్నది. ఫ్రెంచి అధికారులను కొలువు నుండి తొలగించాలి. ఇకముందు ఏ ఫ్రెంచివానినీ చేర్చుకోరాదు. కంపెనీకి తెలియకుండా, దాని సమ్మతి లేకుండా మరే యూరోపియనునూ ఉంచుకోరాదు. ఒక రాజు తన సైన్యంలో ఎవరిని పెట్టుకోవాలో మరొకరు పరీక్షించి చెప్పే ఏర్పాటు ఇది. వ్యక్తి ఏం చేశాడన్న విచారణ అందులో లేదు. ఎక్కడ పుట్టాడన్నదే చాలు.

అక్టోబరులో ఆ దళాన్ని నిరాయుధం చేసినప్పటి సంగతి మరీ ఆసక్తికరం. సిపాయిలు తిరగబడింది కంపెనీ మీద కాదు, తమ ఫ్రెంచి అధికారుల మీదనే. వారిని నిర్బంధించారు. కారణం జీతాల బకాయిలు! బకాయిల భరోసా దొరికాక ఆయుధాలు క్రింద పెట్టారు. ఫ్రాన్సు పట్ల విశ్వాసఘాతకులో, విశ్వాసపాత్రులో అని రెసిడెన్సీలో తలలు పట్టుకుని కూర్చుంటే, వేలమంది మనసులో ఉన్నది నెల జీతం.

ఇదే దృశ్యం సుమారు నూట యాభై ఏళ్ళ తర్వాత సముద్రం మీద కనిపించింది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో హెచ్.ఎం.ఐ.ఎస్. తల్వార్ అనే శిక్షణ స్థావరంలో భారతీయ నావికులు సమ్మెకు దిగారు. పాడైన తిండి, తక్కువ జీతం, అధికారుల బూతులు, వీటికి తోడు స్వాతంత్ర్య కాంక్ష. సమ్మె రేవు నుండి రేవుకు పాకి విశాఖపట్నంలోని హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్‌నూ తాకింది. (ఆ స్థావరానికి పేరిచ్చిన ఉత్తర సర్కారులను 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచివారికే కట్టబెట్టాడు. చరిత్ర ఇటువంటి ముడులు వేస్తూ ఉంటుంది.) సమ్మె ముగిశాక వందలాది నావికులను ఇళ్ళకు పంపివేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వారిని తిరిగి ఓడల మీదకు తీసుకోలేదు. పరాయి ప్రభుత్వం వ్రాసిన నడవడి పత్రాన్నే మన ప్రభుత్వమూ నమ్మిందన్నమాట.

నమ్మడమే కాదు, ఆ పద్ధతిని కొనసాగించింది కూడా. 1949లో కమ్యూనిస్టులు రైల్వే సమ్మెకు పిలుపునిచ్చిన నేపథ్యంలో జాతీయ భద్రత పేరిట రైల్వే ఉద్యోగులకు ప్రత్యేక నియమాలు వచ్చాయి. వాటి క్రింద బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు పోయినవారి వ్యాజ్యం పి. బాలకోటయ్య కేసుగా సుప్రీంకోర్టుకు చేరి, 1957 డిసెంబరులో ఓడిపోయింది. మీరు కమ్యూనిస్టులుగా ఉండవచ్చు, కాని సర్కారు కొలువులో ఉండే హక్కు మీకు లేదన్నది తీర్పు సారాంశం. విభజన కూడా ఫారంలోకి ఎక్కింది. విదేశంలో నివాసం గురించి అడిగేచోట "పాకిస్తాన్‌తో సహా" అన్న మాట పాత ప్రతుల్లో చూడవచ్చు. అక్కడ నుండి వచ్చినవారైతే అక్కడి చిరునామా, వచ్చిన తేదీ కూడా వ్రాయాలి. హైదరాబాదులో ఎన్ని కుటుంబాల్లో అన్న ఇక్కడ, తమ్ముడు కరాచీలో ఉన్నారో తెలిసినవారికి ఆ గడి ముందు కలం ఎందుకు ఆగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కథలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం 1983 నాటిది. మధ్యప్రదేశ్‌లో రామశంకర్ రఘువంశీ అనే ఉపాధ్యాయుడు పురపాలక పాఠశాలలో పనిచేసేవాడు. 1971లో ఆ పాఠశాలను ప్రభుత్వం తీసుకున్నది. పూర్వాపరాల విచారణకు లోబడి అతనినీ ప్రభుత్వోద్యోగిగా చేర్చుకున్నారు. 1974లో తొలగించారు. ఇతడు ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసు నివేదిక వచ్చింది మరి. ఆ రెండూ నిషిద్ధ సంస్థలు కావు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తీర్పు వ్రాసినవారు మన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అనంతపురం జిల్లావారు, వామపక్ష భావాల పట్ల మొగ్గును ఏనాడూ దాచుకోనివారు. ఆయన ఆ ఉపాధ్యాయుని పక్షాన నిలిచారు. అభ్యర్థి రాజకీయ విశ్వాసాల మీద పోలీసు నివేదిక కోరడమే సమానావకాశం మొదటికి గొడ్డలిపెట్టు అన్న భావాన్ని ఆ తీర్పులో గట్టిగా చెప్పారు. అమెరికాలో ఉద్యోగుల విధేయత మీద నడిచిన వ్యాజ్యాలనూ ప్రస్తావించారు. తనకు నచ్చని రాజకీయం గల మనిషి అన్నం గిన్నెను కాపాడిన ఆ తీర్పును న్యాయశాస్త్రం చదవనివారు సైతం ఒకసారి చదవాలని నా కోరిక.

తీర్పు ఉన్నది. ఆచరణలో విచారణ ఎలా జరుగుతుంది? ఇరుగుపొరుగు నోటి మీద. రెండేళ్ళ క్రిందట మా వీధిలో ఒక కుర్రవానికి నౌకాదళంలో ఎంపిక వచ్చింది. చిల్కా శిక్షణకు వెళ్ళాలి. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ మా గుమ్మం ముందు కూడా ఆగాడు. మర్యాదస్తుడే. "కుటుంబం ఎట్లాంటిది సార్? ఏమన్నా గొడవలున్నయా?" అని అడిగాడు. నేను చెప్పిన నాలుగు మాటలు వ్రాసుకున్నాడు. ఆ కుటుంబం ఆ ఇంట్లో అద్దెకు దిగి పద్నాలుగు నెలలే అయింది. నాకు వారి గురించి తెలిసింది నీళ్ళ ట్యాంకరు దగ్గర మాట్లాడుకున్నంతే. నాకు ఆ తండ్రి మీద పార్కింగు విషయంలో కోపం ఉండి ఉంటే ఏం చెప్పేవాడినో! మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలో సగం మంది అద్దెవాళ్ళు, హాస్టలు పిల్లలు. ఐదేళ్ళలో నాలుగు చిరునామాలు మారినవారిని ఎవరు ఎరుగుదురు?

పోలీసు నోట నడవడి చెడిపోయినవారికి దానిని తిరిగి సంపాదించుకోవడం ఎంత కష్టమో మా నగరమే చూసింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. అనుమానంతో పట్టుకున్న ముస్లిం యువకులు తర్వాత నిర్దోషులుగా బయటపడ్డారు. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించి, సత్ప్రవర్తన పత్రాలు కూడా ఇచ్చింది. నిర్దోషి అని న్యాయస్థానం చెప్పిన తర్వాత, మంచివాడని ప్రభుత్వం మరొక కాగితం ఇవ్వవలసి రావడం గమనించండి. ఆ పరిహారం ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసింది.

ఓడల రహస్యాలు కాపాడుకోవద్దా అంటే, తప్పక కాపాడుకోవాలి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం "డాల్ఫిన్స్ నోస్" పేరిట జరిపిన దర్యాప్తులో ఏడుగురు నావికులను, ఒక హవాలా వ్యాపారిని పాకిస్తాన్‌కు సమాచారం చేరవేశారన్న అభియోగం మీద అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడ పేర్లతో పరిచయాలు పెంచుకుని వల వేశారని పోలీసులు చెప్పారు. వీరందరూ వెరిఫికేషన్ దాటి కొలువులో చేరినవారే. తండ్రి ఎక్కడ పుట్టాడన్న గడికి ఆ వల అందేది కాదు. నౌకాదళం ఆ నెలలోనే స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. ఇది పుట్టుకను వదిలి పనిని చూసిన చర్య. నా దృష్టిలో ఇదే అసలైన కాపలా.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. 17న సికిందరాబాదు స్టేషనులో రైలు పెట్టెలు తగులబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు చనిపోయాడు. ఎందరో కేసుల్లో ఇరుక్కున్నారు. వారిలో అధికులు ఏళ్ళ తరబడి తెల్లవారుజామున పరుగులు తీసి సైన్యం కోసం ఒళ్ళు సిద్ధం చేసుకున్నవారే. రెండు రోజుల తర్వాత సైనిక వ్యవహారాల విభాగం తరఫున లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పురి ప్రకటించారు: ఆందోళనలో లేమని అభ్యర్థులు హామీ పత్రం ఇవ్వాలి, నూటికి నూరు మందికీ పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, కేసు ఉంటే చేర్చుకోరు. నిప్పు పెట్టిన చేయి ఏది, గుంపులో నిలబడిన చేయి ఏది అన్నది తేలడానికి కోర్టుకు ఏళ్ళు పడుతుంది. నియామకానికి వయసు అన్నేళ్ళు ఆగదు.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కొంత దారి చూపింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయమైతే, దాచినా కూడా యజమాని తన విచక్షణతో మన్నించవచ్చునన్నది. ఉన్నది ఉన్నట్లు వ్రాసినవారి విషయంలోనూ పూర్వాపరాలు పరిశీలించే అధికారం యజమానికి ఉంటుందనీ అన్నది. మా వీధి కుర్రవాళ్ళు ఫారం పట్టుకుని వస్తే ఆ తీర్పు సంగతి చెప్పి, కేసు ఉంటే నంబరుతో సహా వ్రాయమంటున్నాను. ఇద్దరు పెద్దమనుషుల గడిలో నా పేరు వ్రాసుకుంటామంటే మాత్రం, ముందు రెండు సాయంత్రాలు కూర్చుని మాట్లాడి వెళ్ళమంటాను.