జాడీలో ఆవకాయ, డబ్బాలో కరెంటు

వేసవిలో కలిపిన ఆవకాయని ఏడాది పొడుగునా జాడీలో దాచుకోవడం మనకి తెలిసిన విద్యే. గాదెలో ధాన్యం, గోలెంలో నీళ్లు, అటకమీద పిడకలు... ఇల్లాలికి దాచడం రాని వస్తువంటూ లేదు. ఒక్క కరెంటు మాత్రం చాలాకాలం ఎవరి చేతికీ చిక్కలేదు.

దాన్ని మొదట దారికి తెచ్చిన పెద్దమనిషి ఇటలీ దేశపు వోల్టా. 1800లో రెండు రకాల లోహపు బిళ్లల మధ్య ఉప్పునీట తడిపిన గుడ్డముక్కలు పెట్టి, దొంతరగా పేర్చి కరెంటు పుట్టించాడు. కానీ అది అయిపోతే అయిపోయినట్టే. ఖాళీ అయ్యాక మళ్లీ నింపుకునే బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో ప్లాంటే తయారుచేశాడు. ఆ సీసపు పెట్టె సంతతే మన ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన కూచుని ఉంది. కరెంటు రాని పల్లెల్లో రేడియో మోగాలంటే ఒకప్పుడు బ్యాటరీని పట్నానికి మోసుకెళ్లి ఛార్జింగ్ పెట్టించి తెచ్చేవారు.

ఆ బరువు దించింది లిథియం. విటింగ్‌హామ్, గుడ్‌ఇనఫ్, యోషినోల కృషి ఫలించి 1991లో సోనీ కంపెనీ ఆ బ్యాటరీని బజారుకి తెచ్చింది. ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చేసరికి 2019 అయింది. అప్పటికి గుడ్‌ఇనఫ్ గారికి 97 ఏళ్లు!

ఇదంతా మనకెందుకు అంటారా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం కదండీ. కరెంటు పోయింది, దాని వెనకే ఫోన్లూ మూగబోయాయి. మేడలెక్కి కూచున్నవాళ్లు ఎలా ఉన్నారో అయినవాళ్లకి తెలిసే దారి లేదు. "క్షేమంగా ఉన్నాం" అన్న రెండు మాటలకి కావలసింది గుక్కెడు కరెంటే.

హనుమాన్ జంక్షన్‌లో ఇంటినుంచే ఆఫీసు పని చేసే మా మేనకోడలు, "అత్తా, లాప్‌టాప్‌కీ ఫోనుకీ కలిపి ఏ పవర్ బ్యాంకు కొనను?" అని అడిగింది.

డబ్బామీది 20,000 ఎంఏహెచ్ చూసి మురిసిపోకు అన్నాను. దాన్ని 3.7 వోల్టులతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు. అసలు కొలత అదీ. పాలు కాస్తే కాస్త ఇగిరినట్టు ఇందులోనూ మూడోవంతు దాకా దారిలోనే పోతుంది. మిగిలిన 50తో ఫోను రెండున్నరసార్లు, లేదా మామూలు లాప్‌టాప్ ఒక్కసారి నిండుతుంది. బిందె ఎంత పెద్దదైనా మూతి సన్నమైతే ధార రాదు. అందుకని లాప్‌టాప్‌కి టైప్-సి దారిన 45 లేదా 65 వాట్లు ఇస్తుందో లేదో చూడాలి. బి.ఐ.ఎస్. గుర్తు లేనిది చవకగా వచ్చినా వద్దు. ఇంట్లో నిప్పుతో చెలగాటం. గన్నవరంలో విమానం ఎక్కే పని ఉంటే 100 వాట్ అవర్లు దాటనివ్వకూడదు. అదీ చేతిసంచీలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు.

"ఇంకా పెద్దది కొంటేనో?" అంది.

ఆ కూడలికి పేరిచ్చిన స్వామి మూలిక ఏదో పోల్చుకోలేక కొండనే ఎత్తుకొచ్చాడు. అది ఆయనకి చెల్లింది తల్లీ! నీ భుజాన ఉండేది హ్యాండ్‌బ్యాగేగా?