సైనికుని బిడ్డయు, రాజ్యము ఋణమును

భారతమున సభాపర్వమందు నారదమహర్షి ధర్మరాజును జూడవచ్చి, కుశలప్రశ్నల నెపమున రాజధర్మమునంతయు విచారించిన ఘట్టము మనవారిలో పెక్కుమంది యెఱిగినదే. నన్నయభట్టారకుని మూలమున నది తెలుగువారి యిండ్లలోనికిని వచ్చినది. మూలమునందలి యా ప్రశ్నలలో రెండింటిని నేడు చదువరుల యెదుట నుంచదలచితిని. నీ కొఱకై ప్రాణములు విడిచినవారి, ఆపదపాలైనవారి భార్యలను పోషించుచున్నావా యనునది యొకటి. గ్రుడ్డివారిని, మూగవారిని, కుంటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె కాపాడుచున్నావా యనునది రెండవది. రెండును ఒక్క యధ్యాయముననే యున్నవి; రెండును గొప్ప ప్రశ్నలే. కాని రెంటిని గలిపిన మూడవ ప్రశ్న యొకటి కలదు. సైనికుని యింట పుట్టిన బిడ్డయే మాటరానిదైనచో, లేక బుద్ధివికాసము కొఱవడినదైనచో, తండ్రి బ్రదికియుండియు నాజ్ఞకు లోబడి యూరూరు తిరుగవలసినవాడైనచో, ఆ బిడ్డకు వైద్యుడెవ్వడు, గురువెవ్వడు? ఈ ప్రశ్నను రాజ్యములు తమ్ము దాము వేసికొనుటకు వేలయేండ్లు పట్టినది. ఆ చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

ప్రాచీనులలో నీ ప్రశ్నకు మిక్కిలి దగ్గఱగా వచ్చినవాడు కౌటిల్యుడు. 1909లో మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన యర్థశాస్త్రమున భృత్యభరణీయమను ప్రకరణము కలదు. రాజకార్యములందు మరణించినవారి భార్యాపుత్రులకు బత్తెమును జీతమును ఈయవలెననియు, వారి కుటుంబములలోని బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను రాజు ప్రత్యేకముగా ననుగ్రహింపవలెననియు నందు విధింపబడినది. వ్యాధిగ్రస్తులను ప్రత్యేకించి పేర్కొనుట గమనింపదగినది. అయినను నిది మృతుల కుటుంబములకు వర్తించు నియమము. బ్రదికియుండి కొలువుచేయువాని యింటి కష్టమును గూర్చి యాచార్యుడు ముచ్చటింపలేదు. మఱియు ‘అనుగ్రహ’మను మాటయందే యిచ్చువాని యిష్టము ధ్వనించుచున్నది.

గ్రీసుదేశమునందలి యాథెన్సునగరమును అట్టిదే. క్రీస్తునకు పూర్వ మైదవ శతాబ్దమున నచ్చట యుద్ధమునందు హతులైనవారి కుమారులను వయస్సు వచ్చువఱకు ప్రజాధనముతో పెంచుచుండిరి. వారు పెద్దవారైనంతనే నాటకోత్సవమున ప్రజలందఱి సమక్షమున కవచమును ఆయుధములను ఒసగుచుండిరి. వేఱొకవంక, ఆస్తి లేక యవయవలోపముచే పనిచేయజాలని పౌరులకు దినమునకు రెండు ఓబొలు నాణెముల చొప్పున నిచ్చుచుండిరని యరిస్టాటిలు పేర వెలసిన గ్రంథమువలన దెలియుచున్నది. ఇక్కడను రెండు దయలే. రెండును వేఱువేఱు గుమ్మములయొద్ద నిలిచియున్నవి. కవచము నొసగునది ఆరోగ్యవంతుడగు కుమారునికి. ఆ కవచమును మోయలేని కుమారుని సంగతి యుత్సవములో గానరాదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1789లో చెన్నపట్టణమునందలి యెగుమూరులో సైనికుల బాలురకై యొక యనాథాశ్రమము నెలకొల్పబడినది. కుంపినీవారి సేనలోని తెల్ల సోల్జరులకు ఈ దేశపు స్త్రీలవలన గలిగిన బిడ్డలే అందు పెక్కుమంది. ఆండ్రూ బెల్లను స్కాట్లండుదేశపు మతాచార్యుడు దానికి పర్యవేక్షకుడయ్యెను. ఈ దేశపు వీథిబడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో నక్షరములు దిద్దుట చూచి, అతడా పద్ధతిని తన పాఠశాలలో బ్రవేశపెట్టెను. ముందు నేర్చిన బాలునిచే తరువాతివానికి జెప్పించు విధానమును స్థిరపఱచెను. 1797లో లండనులో నతడు దానిని గూర్చి పుస్తకము ప్రకటింపగా, ‘మదరాసు పద్ధతి’ యను పేర నది యింగ్లండులోని వేలకొలది పిల్లలకు విద్య నేర్పిన విధానమయ్యెను. దిక్కులేని సైనికశిశువులకై వెదకిన యుపాయము లోకమున కంతటికిని ఉపయోగపడిన దనుటకు ఇంతకన్న మంచి నిదర్శన మేమి కావలెను? మిక్కిలి బలహీనునికై వేసిన బాట బలవంతునికిని సుగమమగును.

అయితే, ఆ కాలపు సంస్థల దయకు ఒక హద్దుండెను. 1801లో లండనుసమీపమున చెల్సీయందు సైనికుల పిల్లలకై రాజకీయాశ్రమము స్థాపింపబడినది. అందు చేర్చుకొనబడు శిశువునకు శరీరమునగాని మనస్సునగాని యే లోపమును ఉండరాదని నిబంధన. మన దేశమునందు హెన్రీ లారెన్సు 1847లో సనావరు కొండమీదను, అతని పేర 1858లో నీలగిరులయందును సైనికశిశువులకై యాశ్రమములు వెలసినవి. మైదానపు వేడికి చిక్కిపోవు తెల్లపిల్లల యారోగ్యమునకును, విద్యకును అవి తోడ్పడినవి. కాని సిపాయిబిడ్డలకు వాటి ద్వారములు తెఱువబడలేదు. భారతసైనికుల కుమారులకై ఝీలము, జలంధరు పట్టణములలో పాఠశాలలు తెఱచుటకు 1920 దశకము రావలసివచ్చెను. వానియందును కోరబడినది రేపటి సైనికుడు కాదగిన దృఢబాలుడే. ఇట్లు ఎవనికి సాయము మిక్కిలి యవసరమో వాడే గుమ్మమునుండి మఱలింపబడుచుండెను.

మూడవ ప్రశ్నకు చట్టరూపమున సమాధానము వెదకిన దేశములలో అమెరికాసంయుక్తరాష్ట్రములు ముఖ్యమైనవి. దానికి కారణము దయాతిశయము మాత్రమే కాదు, అవసరము. రెండవ ప్రపంచయుద్ధమున లక్షలకొలది గృహస్థులు సేనలో జేరిరి. వారి భార్యలు కొత్తయూళ్ల శిబిరములవద్ద, ఎఱిగిన మంత్రసానియైనను లేక, ప్రసవవేదన పడుచుండిరి. అందుపై 1943లో శాసనసభవారు తక్కువ జీతపు సైనికుల భార్యలకు ప్రసవవైద్యమును, వారి శిశువులకు మొదటియేటి వైద్యమును ఉచితముగా నేర్పాటుచేసిరి. 1949 వఱకు సాగిన యా యేర్పాటువలన సుమారు 12 లక్షల తల్లులును, 2,30,000 శిశువులును లాభము పొందిరి. యుద్ధమునకు బోయినవాని మనస్సు ఇంటియొద్ద చిక్కుకొనియుండిన వాడు యుద్ధము చేయలేడని రాజ్యము గ్రహించినది.

యుద్ధము ముగిసినను పెద్ద సేన మిగిలెను; 1946లో జర్మనీ, జపాను మొదలగు దేశములలో సైనికుల పిల్లలకై బడులును తెఱువబడెను. 1956లో సైనికుల కుటుంబములకు వైద్యసాహాయ్యమును గూర్చిన చట్టము వచ్చినది. కాని సామాన్యరోగములకు జాలిన యా చట్టము జన్మమంతయు సాయము కావలసిన బిడ్డకు జాలలేదు. 1966లో దానిని సవరించి, కొలువులోనున్న సైనికుల భార్యాబిడ్డలలో బుద్ధిమాంద్యముగాని తీవ్రమైన శరీరవైకల్యముగాని కలవారికి ప్రత్యేకమైన సాహాయ్యము నేర్పఱచిరి. అందలి లెక్క చూడదగినది. నెలకు సామాన్యసైనికుడు మొదటి 25 డాలర్లును, అత్యున్నతాధికారి 250 డాలర్లును తాము భరింపవలెను. పైదానిలో 350 డాలర్ల వఱకు రాజ్యము భరించును. కష్ట మొక్కటే యైనను మోయగల శక్తి వేఱుగదా; ఆ భేదమును గుర్తించిన న్యాయమిది.

వైద్యము తరువాత విద్య. 1975లో వైకల్యముగల ప్రతి శిశువునకును తగిన విద్యను ఉచితముగా నొసగవలెననియు, ఒక్కొక్క శిశువునకు ఒక్కొక్క విద్యాప్రణాళికను వ్రాసి యుంచవలెననియు అమెరికాలో చట్టమయ్యెను. 1978లో విదేశములందలి సైనికపాఠశాలలకును ఆ హక్కులు వర్తింపజేయబడినవి. అయినను ఒక చిక్కు తీరలేదు. సైనికుడు రెండు మూడేండ్లకొకసారి బదిలీయగును. ఒక రాష్ట్రమున బిడ్డకు వ్రాసిన ప్రణాళికను వేఱొక రాష్ట్రపు బడివారు మొదటినుండి పరీక్షింపజూతురు. ప్రభుత్వసాహాయ్యమునకై యొకచోట నాలుగేండ్లు వేచియున్న బిడ్డ, ఊరు మాఱినంతనే కొత్తపట్టికలో చిట్టచివరకు బోవును. అప్పుడప్పుడే మాట పలుకనేర్చుచున్న శిశువునకు గురువు మాఱెనా, ఆఱు నెలల శ్రమ నీటగలియును. ఇందుకై 2008లో రాష్ట్రములు తమలో నొక యొడంబడికకు వచ్చి, కొత్తబడి పూర్వపు ప్రణాళిక ననుసరించియే వెంటనే సాయము మొదలిడవలెనని నియమించుకొనినవి. 2014 నాటికి 50 రాష్ట్రములును అందు జేరినవి.

ఇంతకన్న సూక్ష్మమైన యేర్పాటు సేనయందే పుట్టినది. 1980 దశకమునుండి యచ్చటి సేనావిభాగములు, ప్రత్యేకావసరములుగల కుటుంబసభ్యుని పేరు నమోదుచేయు పద్ధతిని విధిగా నెలకొల్పినవి. బదిలీ యుత్తరువు వ్రాయుటకు ముందు, ఆ కొత్తయూర బిడ్డకు గావలసిన వైద్యుడును, బడియు కలవా యని విచారింతురు. లేనిచో సాధ్యమైనంతవఱకు వేఱొకచోటికి బంపుదురు. నేడు లక్షకు పైబడిన కుటుంబసభ్యుల పేర్లు అందు గలవు. 2005లో జేసిన మఱియొక యేర్పాటుచే, దినమంతయు బిడ్డను గనిపెట్టియుండు తల్లికి నెలకు కొన్ని గంటలైన విశ్రాంతి దొరకునట్లు సహాయకులను ఇంటికి బంపుట మొదలైనది. తల్లికిని అలసట కలుగునని రాజ్యశాసనము గుర్తించుట చిన్న విషయము కాదు.

ఇక్కడ చదువరులు నాతో నొక్కక్షణము నిలువవలెను. ఇంత చేసినను, పెక్కుమంది సైనికులు తమ బిడ్డ పేరు నమోదుచేయుటకు వెనుదీసిరి. ఏలయనిన, పేరెక్కినచో మంచి యుద్యోగస్థానములు తప్పిపోవునేమో, పదోన్నతి యాగిపోవునేమో యని భయము. చట్టము చేయిచాచినది, భయము ఆ చేతిని ముట్టనీయలేదు. 2009 అక్టోబరులో సంతకమైన చట్టముచే రక్షణశాఖలో నిట్టి కుటుంబములకై ప్రత్యేక కార్యాలయ మేర్పడినను, 2018లో నచ్చటి ప్రభుత్వగణనపరీక్షకులు విచారింపగా, ఒక్కొక్క సేనావిభాగము ఒక్కొక్క తీరున నడుచుచున్నదనియు, కుటుంబములకు అందుచున్న సాయమును కొలుచుటకు ఉమ్మడికొలత లేదనియు దేలినది. పట్టికలో పేరుండుట వేఱు, ఇంటికి సాయ మందుట వేఱు.

మన దేశస్థితి యెట్లున్నది? ఈ పనిని మనయందు భుజములపై నెత్తుకొన్నవారిలో సైనికుల భార్యలు ముఖ్యులు. 1966లో నేర్పడిన సైనికపత్నుల సంక్షేమసంఘమువారు ప్రత్యేకావసరములుగల పిల్లలకై ‘ఆశా’ పాఠశాలలను పెక్కు కంటోన్మెంటులలో నడుపుచున్నారు. సికిందరాబాదులోను నట్టిది కలదు. విశాఖపట్టణమున నౌకాదళమువారి భార్యల సంఘము ‘సంకల్ప్’ అను పాఠశాలను నడుపుచున్నది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, ఆఱేండ్లనుండి పదునెనిమిదేండ్ల వఱకు ఉచితవిద్యను హక్కుగా జేసినది. సంపాదించుకొనలేని వికలాంగసంతానమునకు తలిదండ్రుల యనంతరము కుటుంబపింఛను జీవితాంతము లభించును. 2014లో కేంద్రప్రభుత్వము, వికలాంగశిశువును సాకు పౌరోద్యోగిని సాధారణబదిలీలనుండి మినహాయింపవచ్చునని యుత్తరువొసగినది. కాని సరిహద్దున నిలువవలసిన సిపాయికి అట్టి మినహాయింపు సులభమా? అతనిది బదిలీయే ప్రాణమైన కొలువు.

పశ్చిమగోదావరిలోని మిలిటరీ మాధవరమువంటి గ్రామము నొకమాఱు తలచుకొనుడు. ఇంటింటినుండియు నొక్కడైన సేనలో జేరిన యూరది. అట్టి యూళ్లలో సైనికుని గౌరవమునకు కొదువలేదు. శిలావిగ్రహములు గలవు, పండుగనాడు పూలదండలు గలవు. కాని వినబడని చెవులతో పుట్టిన బిడ్డకు పూలదండ వినికిడి నీయజాలదు. తండ్రి మంచుకొండలలో నుండగా, ఆ బిడ్డను పట్టణమునకు దీసికొనిపోయి వైద్యునికి జూపవలసిన తల్లికి దోవఖర్చును, తోడును, ధైర్యమును కావలెను. అన్నింటికన్న ముందు, ‘ఇది పూర్వజన్మ పాపము, నలుగురికి దెలియనీయకు’ అని యింటిపెద్దలు చెవిలో నూదకుండవలెను. అమెరికాలో సైనికుడు పదోన్నతికి భయపడి బిడ్డను దాచెను. మన యింట చెల్లెలి పెండ్లి చెడునని బిడ్డను దాచుదురు. కారణములు వేఱు, దాపఱికము ఒక్కటే, నష్టపడునది ఆ పసిప్రాణమే. మూడవయేట మొదలిడవలసిన శిక్షణ పదవయేటికి జరిగెనా, ఆ యేడేండ్లను ఏ పింఛనును తిరిగి తేలేదు.

‘వికలాంగశిశువులు ఇతరుల యిండ్లలోను గలరుగదా, సైనికునకు మాత్రము విశేష మేల?’ యని యొకరు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. సాయమునకు హక్కు శిశువులందఱికిని గలదు. సైనికుని బిడ్డ యితరులకన్న గొప్పది కాదు. కాని రైతు తన బిడ్డకొఱకై యూరు మాఱవచ్చును, వర్తకుడు మాఱక నిలువవచ్చును. సైనికునకు ఆ రెండును లేవు. మనము, అనగా ప్రజలమే, ఆజ్ఞాపత్రము వ్రాసి అతనిని కదల్చుచున్నాము. ఆ కదలికతో బిడ్డనుండి వైద్యుని, గురువును మనమే తొలగించుచున్నాము. మన చేతితో దీసినదానిని మఱల సమకూర్చుట దానము కాదు, అనుగ్రహము కాదు, ఋణము తీర్చుట. ఋణమునకు వినయముతో చేయిచాచవలసిన పని యప్పిచ్చినవానికి లేదు.

కావున రాజ్యము చేయవలసినది చేయుగాక. గృహస్థులు చేయవలసినదియు గొంత గలదు. మీ వీథిలో సైనికుని యిల్లున్నచో, అతడు తెచ్చిన పతకములను గూర్చియే గాక, ఇంటనున్న బిడ్డను గూర్చియు నడుగుడు, ఆ తల్లికి పత్రములు వ్రాసిపెట్టుడు, వైద్యశాలకు దోడుపొండు. ఆ బిడ్డ మీ పిల్లలతో నాడుకొనవచ్చినప్పుడు వాకిలి మూయకుడు. నారదుడు వేర్వేఱుగ నడిగిన రెండు ప్రశ్నలును ఆ వాకిటియొద్ద నొక్కటియై నిలిచియున్నవి. అక్కడ సమాధానము చెప్పవలసినవాడు ధర్మరాజు కాడు, మనమే.