కాన్పు తర్వాతి ఆరోగ్యం: రికార్డుల్లో కనిపించని చరిత్ర

ప్రజారోగ్య చరిత్ర చదివేటప్పుడు మీకు ముందుగా మరణాల లెక్కలు ఎదురవుతాయి. మాతృ, శిశు మరణాలు తగ్గడం నిజమైన ప్రగతే. అయితే బతికిన తల్లి ఏ బాధతో బతికిందో ఆ లెక్కలు చెప్పవు. కాన్పు తర్వాత దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం జారిపోవడం అలాంటి బాధ.

ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతాన్నే తీసుకోండి. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మంలో చేరింది. 2014లో చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాచలం పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఈ మార్పులన్నిటికీ రికార్డులున్నాయి. కట్టెల మోపు, నీళ్ల బిందె మోసే కోయ, కొండరెడ్డి బాలింత శరీరానికి మాత్రం రికార్డు లేదు.

ఈ సమస్య ఎందుకు వస్తుంది? మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసే కండరాలు గర్భంలో, కాన్పులో సాగి బలహీనపడతాయి. అవి కోలుకోకముందే బరువులెత్తితే, మలబద్ధకంతో ముక్కితే ఒత్తిడి పెరుగుతుంది. వ్యాయామంతో వాటిని బలపరచవచ్చని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. మూత్రాన్ని ఆపుకొంటున్నట్లు ఆ కండరాలను బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు. ఒక్కో విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, 3 నెలలపాటు చేయాలి. గర్భంతో ఉన్నప్పుడే మొదలుపెడితే మరింత మేలు. దీర్ఘమైన కాన్పు తర్వాత మూత్రం ఆగకుండా కారుతుంటే అది వేరే గాయం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తలను ఊళ్లకు తెచ్చింది. 2011 నుంచి, ఆసుపత్రిలో కాన్పైన తల్లి ఇంటికి వారు 42వ రోజులోగా 6 సార్లు వెళ్లాలన్న పద్ధతి వచ్చింది. దాని ప్రధాన లక్ష్యం శిశువు ప్రాణం. అదే గడపలో తల్లిని ఒక ప్రశ్న అడగడానికి, ఈ వ్యాయామం నేర్పడానికి మందు గానీ పరికరం గానీ అక్కర్లేదు.

“పిల్లల్ని కన్నాక ఇది మామూలే” అనుకుని స్త్రీలు చెప్పరు. చెప్పనిది రిజిస్టరుకెక్కదు, రిజిస్టరులో లేనిదానికి పథకం రాదు. కాబట్టి స్థానిక చరిత్ర రాసేటప్పుడు మీరు రికార్డులతో ఆగకండి. మీ ఇంటి పెద్దలను, మంత్రసానులను మర్యాదగా అడిగి వినండి. వారి మాట కూడా చరిత్రకు ఆధారమే.