పరదేశపు శరత్తు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము వద్దను, అశోక్ నగర్ సందులలోని శిక్షణాలయముల ముందును విద్యార్థుల గుంపులను మనము నిత్యము చూచుచుందుము. వారిలో కొందరు ఇక్కడి పరీక్షలకు చదువుదురు. కొందరు సముద్రములు దాటిపోవుదురు. దాటిపోయినవారి ఇండ్లకు అక్టోబరు మాసమున ఒక ఛాయాచిత్రము తప్పక వచ్చును: ఎఱ్ఱబారిన ఆకుల చెట్టు, దాని క్రింద ఉన్నికోటు తొడిగిన మన పిల్ల. నారాయణగూడలో ఒక తల్లి అట్టి చిత్రమును మాకు చూపి, "శరదృతువు బాగుందని రాసింది. శరత్తయితే ఆకులు రాలుతున్నాయేమండీ?" అని అడిగినది.

ప్రశ్న సమంజసమైనదే. మన కవులకు శరత్తనగా తేటపడిన నీరు, పూచిన రెల్లు, పండువెన్నెల. ఆకు రాల్చుట శిశిరము పని. ఐరోపావారి ఆకురాలు కాలమునకు మనము శరత్తని పేరు పెట్టుకొంటిమే గాని రెండును ఒకటి కావు. ఈ భేదమును కవిత్వమున నేర్చుకొనవలసివచ్చిన విద్యార్థిని ఒకతె మన నగరమునుండియే పోయినది. ఆమె సరోజిని.

1879 ఫిబ్రవరి 13వ తేదీన ఆమె హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయులు వంగదేశీయులు. ఎడిన్‌బరోలో డాక్టరు పట్టమంది వచ్చి, తరువాత నిజాం కాలేజీయైన విద్యాలయమును ఇచట నడపినవారు. కుమార్తె గణితముననో శాస్త్రముననో పేరు పొందవలెనని వారి కోరిక. కాని పదునొకండవ యేట బీజగణితపు లెక్క ఒకటి ఎంతకును తెగక కూర్చున్న బాలికకు లెక్కకు బదులు పద్యము వచ్చెను. పండ్రెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణురాలయ్యెను. అటుపిమ్మట డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిపై మనసు నిలిపెను. ఆయన బ్రాహ్మణులు కారు, పెద్దలు ఒప్పుకొనలేదు. 1895లో నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వమిచ్చిన విద్యార్థి వేతనముతో, తన ఇష్టమునకు విరుద్ధముగానే, పదునారేండ్ల సరోజిని ఇంగ్లండునకు పోయెను.

లండనులో కింగ్స్ కాలేజి, పిమ్మట కేంబ్రిడ్జిలో గిర్టన్ కాలేజి. చదువైనను కేంబ్రిడ్జిలో స్త్రీలకు పట్టము లేదు. ఈయవలెనన్న ప్రతిపాదన 1897లో, ఆమె ఆ దేశమున ఉండగనే, ఓటులలో ఓడిపోయెను. ఆ పట్టము 1948లో గాని స్త్రీలకు దక్కలేదు.

లండనులో విమర్శకుడు ఎడ్మండ్ గాస్ ఇంటికి ఆమె పోవుచుండెడిది. ఒకనాడు తన పద్యముల కట్ట ఆయన చేతిలో పెట్టెను. ఛందస్సు నిర్దుష్టము, భాష నిర్దుష్టము. కాని అందుండినవన్నియు ఇంగ్లండు పక్షులు, ఇంగ్లండు పల్లెలు, టెన్నిసన్, షెల్లీల ఛాయలు. వీనిని చెత్తబుట్టలో వేసి, దక్కను కవయిత్రివై నీ దేశపు పూలను, కొండలను, గుడులను వ్రాయుమని గాస్ చెప్పెను. కౌమారమున ఉన్న పిల్లకు ఆ మాట ఎట్లు తగిలియుండును! గాస్ సలహా సరియైనదే. అయినను, ఇంగ్లండు పాఠకుడు తన గదిలో కూర్చుండి చూడగోరిన తూర్పుదేశమే ఆయన మనసులో ఉండెనేమో యని మాకు ఒక అనుమానము కలదు. ఆమె తరువాతి కవితలలోని కొంత అత్తరు వాసన అందువలననే కావచ్చును.

నడుమ ఆరోగ్యము సరిగా లేక చదువు నిలిచిన కాలమున ఆమె ఇటలీ చూచెను. బొట్టిచెల్లి, మైకెలాంజెలోల ఫ్లోరెన్సు నగరము, పిమ్మట రోము. అచటినుండి కవి ఆర్థర్ సైమన్సుకు వ్రాసిన లేఖలలో పరీక్షల ఊసు లేదు. ఆ దేశమంతయు బంగారముతో చేసినట్లు ఆమెకు తోచెను: ఉదయపుటెండ బంగారము, నక్షత్రములు బంగారము, చీకటిలో ఎగురు మిణుగురులును బంగారమే. ఇంగ్లండు మంచులో సుమారు మూడేండ్లు గడుపనున్న దక్కను పిల్లకు ఎండ కాచు ఒక ఊరు దొరికినది. గాస్ మాటతో చెప్పినదానిని ఇటలీ వెలుగుతో చూపెనని మా ఊహ.

ఆరోగ్యము మరల చెడెను. 1898 సెప్టెంబరులో, పట్టము లేకయే, ఆమె హైదరాబాదునకు తిరిగివచ్చెను. వానలు వెనుకపట్టి, గట్లపై తంగేడును గునుగును పూచు వేళ అది, మన శరత్తు. డిసెంబరులో మద్రాసున గోవిందరాజులుగారితో ఆమె వివాహము జరిగెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ కులాంతర వివాహమును జరిపించిరి.

1905లో లండనులో ఆమె తొలి ప్రధాన గ్రంథము 'ది గోల్డెన్ త్రెషోల్డ్', అనగా బంగారు గడప, వెలువడెను. అందులో పల్లకి మోయు బోయీలు, సాలెవారు, కోరమండల తీరపు జాలరులు, హైదరాబాదు నగరముపై దిగు సందెచీకటి కలవు. నాంపల్లిలోని ఆమె ఇంటికి ఆ పేరే నిలిచినది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఆ ఇంటిలోనే ఆరంభమయ్యెను. ఆ గ్రంథమును ఆమె అంకితమిచ్చినది, తన తొలి పద్యములను చెత్తబుట్టలో వేయుమన్న గాస్‌కే.