చావు ఊసెత్తని చావు ప్రార్థన

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ‘దుబాయ్ పోయిండు’ పాతమాట. ‘ఇజ్రాయెల్ పోయిండు’ తర్వాత చేరింది. అక్కడ మనవాళ్లలో చాలామందిది ముసలివాళ్లను చూసుకునే పని. స్నానం చేయించాలి, వేళకు మందులివ్వాలి, చక్రాల కుర్చీలో ఎండకు తిప్పాలి. ఈ పనిచేసే మగవాణ్ణి హీబ్రూలో ‘మెటాపెల్’ అంటారు, ఆడమనిషిని ‘మెటాపెలెట్’. ఏళ్ల తరబడి కనిపెట్టుకున్న ముసలాయన కన్నుమూస్తే, శ్మశానంలో వీళ్ల చెవిన పడే ప్రార్థన ‘కద్దీష్’.

అక్కడ సాధారణంగా పెట్టె ఉండదు. గుడ్డలో చుట్టిన దేహాన్ని అట్లాగే మట్టిలో దించుతారు. గల్లా దగ్గర చింపిన అంగీతో కొడుకు ప్రార్థన చదువుతుంటే, చుట్టూ నిలబడ్డవాళ్లు నడుమనడుమ ‘ఆమేన్’ అంటారు.

చిత్రమేమంటే, మామూలుగా చదివే కద్దీష్‌లో చావు ఊసే లేదు. పోయినవారి పేరూ రాదు. దేవుడి నామం గొప్పదవ్వాలని, ఆయన రాజ్యం త్వరగా రావాలని, చివరికి శాంతి కలగాలని కోరడమే. ‘కద్దీష్’ అంటే పవిత్రం. హీబ్రూ ప్రార్థనగా పేరుపడ్డా, చాలాభాగం అరమాయిక్‌లో ఉంటుంది. ఒకప్పుడు యూదు సామాన్యులు మాట్లాడుకున్న భాష అది. మొదట్లో కద్దీష్‌ను ధర్మశాస్త్ర ప్రసంగం ముగిశాక పలికేవారు. 1096లో రైన్ నదీతీరంలో క్రైస్తవ మతయుద్ధానికి బయల్దేరిన క్రూసేడర్లు యూదులను ఊచకోత కోశారు. ఆ తర్వాతి కాలంలో, 13వ శతాబ్దం నాటికి, ఆ ప్రాంతపు యూదుల్లో కద్దీష్ తల్లిదండ్రులను పోగొట్టుకున్నవారి ప్రార్థనగా స్థిరపడింది.

దీని వెనక ఓ కథ చెబుతారు. కట్టెలమోపుతో పరుగెడుతున్న చచ్చిన మనిషి పూర్వకాలపు యూదు మతగురువు రబ్బీ అకీవాకు ఎదురయ్యాడట. రోజూ తన్ను కాల్చే కట్టెలు తానే మోయడం అతనికి పడ్డ శిక్ష. అకీవా అతని కొడుకును వెతికి, అక్షరాలు నేర్పి, సభలో నిలబెట్టి దేవుణ్ణి స్తుతింపజేశాడు. తండ్రికి శిక్ష తప్పింది. పున్నామ నరకం మాట విన్న చెవులకు ఇది కొత్త కాదు. యూరప్ యూదుల భాష యిద్దిష్ మాట్లాడే ఇళ్లలో కొడుకునే ‘మా కద్దీష్’ అనేవారు. మన దగ్గర ‘తలకొరివి పెట్టేటోడు’ అన్నట్టు.

మనకు పన్నెండు మాసికాలైతే, వాళ్లు తల్లిదండ్రులకు పదకొండు నెలలే చదువుతారు. పాపులకు నరకంలో పన్నెండు నెలలని నమ్మిక. ఏడాదంతా చదివితే తండ్రిని పాపాత్ముడన్నట్టే కదా! అందుకే ఒక నెల ముందే ఆపేస్తారు.

ఇంకో నియమం: కద్దీష్ ఒంటరిగా చదవకూడదు. కనీసం పదిమంది యూదులు ఉండాలి. ఛాందస సంప్రదాయంలో మగవాళ్లనే లెక్కేస్తారు. ఆ లెక్కలో మన మెటాపెల్ ఉండడు. కానీ ఆ లెక్క ఎందుకో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పోయినప్పుడు మోసేందుకు నలుగురుండాలని ఊళ్లో వినే పెరిగాడు. పిట్టకు పెట్టే నాడు పాలోళ్లంతా కూడడం చూశాడు. రేపు తన తండ్రి పోతే, ఆ నలుగురిలో తానుంటాడో లేదో తేల్చేది మాత్రం సెలవూ, విమానం టికెట్టూ.