నాన్న విజయ్ సూపర్: మిలాన్ నుంచి మన లేత్ షెడ్డు దాకా

వరి నూర్పులు అయిపోయాయి. మడిలో చల్లిన మినుము నాలుగాకులు తొడిగింది. మళ్లీ పని మీద పడేలోగా కొన్ని రోజులు ఖాళీ. అందుకని ఈసారి ఎరువుల గురించీ తెగుళ్ల గురించీ కాకుండా ఒక స్కూటర్ గురించి రాస్తున్నాను. పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

మా పశువుల శాలలో గడ్డి మోపుల వెనకాల నాన్న విజయ్ సూపర్ ఇరవై ఏళ్లకు పైగా పడి ఉంది. 1978లో కొన్న బండి. మా ఊరు చీపురుపల్లి పక్కన. కాగితాల మీద మాత్రం శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న మరి. అంటే మా స్కూటర్ మా జిల్లా కంటే పెద్దది!

నిరుడు సంక్రాంతి ముందు శాల బాగుచేస్తుంటే పాత ఇనుము కొనే మనిషి వచ్చాడు. కాటా తీశాడు, కేజీల లెక్క చెప్పాడు. ఇచ్చేద్దామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. అరుగు మీద నుంచి అమ్మ కేకేసింది. "ఒరే, మీ నాన్న అది కొనడానికి కాడెద్దుల్లో ఒకదాన్ని అమ్మినాడు. నువ్వు దాన్ని కేజీల్లెక్కన అమ్మేస్తావేటి?" ఇంకేం మాట్లాడతాం? కాటా మనిషి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

నాన్న ముందు బుక్ చేసింది బజాజ్. ఆ రోజుల సంగతి మన పెద్దవాళ్లకి తెలుసు, పిల్లలకి చెబితే నమ్మరు. డబ్బులు చేతిలో ఉన్నా స్కూటర్ దొరికేది కాదు. ఎన్ని బళ్లు తయారు చెయ్యాలో ప్రభుత్వం లైసెన్సు, ఎంతకి అమ్మాలో ప్రభుత్వం అదుపు. బజాజ్ కోసం కొన్నిచోట్ల పదేళ్లు కూడా ఎదురుచూశారు. పెళ్లికి బుక్ చేస్తే పిల్లాడు బడికెళ్లే వయసుకి బండి వచ్చేదన్నమాట. ఓపిక లేనివాళ్లు విజయ్ సూపర్ వైపు వెళ్లేవారు. నాన్నా అంతే.

ఈ విజయ్ సూపర్ ఎక్కడిది? ఇక్కడ కొంచెం వెనక్కి, కొంచెం దూరం వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ దెబ్బతింది. పియాజియో అనే కంపెనీ విమానాలు చేసేది. దాని ఫ్యాక్టరీ బాంబుల్లో పోయింది. యుద్ధం అయ్యాక విమానాలు ఎవరికీ అక్కర్లేదు, జనానికి చవకగా తిరగడానికి ఏదో ఒకటి కావాలి. ఆ విమానాల ఇంజనీరు డాస్కానియో గీసిన బండే వెస్పా, 1946లో వచ్చింది. విమానం చేసే చేతులు కదా, లోపల చట్రమే పెట్టలేదు. రేకు వంచి, ఆ రేకునే చట్రం చేశారు. ముందు చక్రం ఒక్క పక్కనే పట్టుకుని ఉంటుంది చూశారా, అది విమానం చక్రం బిగించే పద్ధతి. మిలాన్‌లో ఇన్నోచెంటి అనే ఇంకో కంపెనీ ఇనుప గొట్టాలు చేసేది. వాళ్లు 1947లో ల్యాంబ్రెటా తెచ్చారు. గొట్టాలవాళ్లు కాబట్టి గొట్టం చట్రం పెట్టి, దాని మీద రేకులు బిగించారు. ఎవరింట్లో ఏ సామాను మిగిలితే ఆ కూరే వండినట్టు.

మనకి బజాజ్ వచ్చింది వెస్పా వంశం నుంచి. పియాజియోతో ఒప్పందం 1971లో అయిపోయాక 1972లో చేతక్ వచ్చింది. విజయ్ సూపర్‌ది ల్యాంబ్రెటా వంశం. 1971లో ఇటలీలో ల్యాంబ్రెటా తయారీ ఆగిపోయింది. మన కేంద్ర ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీ యంత్రాలు కొని, ఓడలకెత్తించి, లక్నోలో దింపింది. 1972లో స్కూటర్స్ ఇండియా అనే కంపెనీ పెట్టింది. 1975 నుంచి బళ్లు బయటికొచ్చాయి. మన హైదరాబాద్‌లో బీరువాలు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ పేరు మీద పుష్పక్ అని ఒక స్కూటర్ ఉండేది, గుర్తుందా? అదీ ఈ కుటుంబమే.

అంటే మా నాన్న కొన్న కొత్త బండి, ఇంకొకడు వదిలేసిన సెకండ్‌హ్యాండ్ ఫ్యాక్టరీలో పుట్టిన బండి. ఇది తెలిశాక నాకు సిగ్గు పోయింది. పాత సామానుతో దాన్ని బాగుచేస్తే దాని పరువు పోదు. దాని పుట్టుకే అది.

లక్నోలో స్కూటర్ల తయారీ 1997లో ఆగిపోయింది. 2021లో కంపెనీనే మూసెయ్యడానికి కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. కంపెనీ లేదు, షోరూం లేదు. మరి ఇన్నాళ్లూ ఈ బళ్లు ఎలా నడిచాయి? దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. మన టౌన్లలో రోడ్డు పక్క షెడ్డుల్లో ఉంది. మన వైపు జూట్ మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు, గరివిడి ఫేకర్, అవతల విశాఖలో రైల్వే, పోర్టు, షిప్‌యార్డు. అక్కడ పని నేర్చినవాళ్లలో కొందరు బయటికొచ్చి సొంతంగా లేత్ పెట్టుకున్నారు. పొద్దున్న మన ఆయిల్ ఇంజన్ బాగుచేసిన చెయ్యే మధ్యాహ్నం స్కూటర్ విప్పేది.

నా బండి చేసిన మేస్త్రి అలాంటివాడే. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేశాడు, డెబ్బై దాటాయి. పేరు రాయొద్దన్నాడు. బండిని ట్రాక్టర్ తొట్టిలో వేసుకుని తీసుకెళ్తే ప్లగ్గు విప్పి, నాలుగు చుక్కల ఆయిల్ పోసి, కిక్కు మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కి చూశాడు. "సచ్చిపోనాదనుకున్నారేటి? సావలేదు బాబూ, ఊపిరాడక పడుకున్నాది."

ఇక్కడి నుంచి చేసిన పని చెబుతాను, మీ శాలలో ఇలాంటిది ఉంటే పనికొస్తుంది.

పిస్టన్ సిలిండర్‌లో పట్టేసింది. కిరసనాయిలు పోసి మూడు రోజులు వదిలేస్తే కదిలింది. సిలిండర్ పోత ఇనుముది కాబట్టి లేత్ షాపులో బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేశాం. బేరింగులకి నేను భయపడ్డాను. అక్కర్లేదట. బేరింగు మీద నంబరు చెక్కి ఉంటుంది, అది ప్రపంచమంతా ఒకటే. పాతది పట్టుకెళ్తే పంపుసెట్టు సామాన్ల షాపులోనే దొరికింది. ఆయిల్ సీళ్లు కూడా కొలతని బట్టి దొరుకుతాయి.

దొరకనివి చేసుకున్నాం. ప్యాకింగులకి దళసరి అట్ట. ఇంజన్ అంచు మీద అట్ట పెట్టి చిన్న సుత్తితో అంచు వెంబడి కొడుతూ పోతే అదే తెగి ఆకారం వస్తుంది. రాగి వాషర్లు ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడి మళ్లీ పనికొచ్చాయి. గేరు వైరుకి సైకిల్ బ్రేకు వైరు, చివర సీసం పోసిన ముడి. బుష్‌లు ఇత్తడి కడ్డీ నుంచి తీశాడు. ఒకటి సరిపోక మూడుసార్లు చేశాడు, మూడోసారికి నన్ను బయటికి పొమ్మన్నాడు. కాలు పెట్టే పలక తుప్పు తినేస్తే పాత ఆయిల్ డ్రమ్ము రేకు కోసి సాగగొట్టాడు. ల్యాంబ్రెటా కాబట్టి అది కుదిరింది. బరువంతా గొట్టం మీద ఉంటుంది, రేకు పోతే రేకు మార్చుకోవచ్చు. వెస్పా జాతి బండికి అడుగు రేకు పుచ్చితే చట్రం పుచ్చినట్టే, పైన అతుకు వేసి రంగు కొట్టి నడిపితే ప్రమాదం. మన ఉప్పుగాలికి ముందు పోయేది ఆ అడుగే. కొనేముందు కింద పడుకుని చూడండి.

ట్యాంకులో తుప్పుకి సన్న గులకరాళ్లు, కిరసనాయిలు వేసి ఊపి, తర్వాత చింతపండు పులుసు ఒక రాత్రి ఉంచాం. సైలెన్సర్‌లో ఏళ్ల మసి గడ్డకట్టింది, ఇంజన్‌కి ఊపిరాడదన్నది దాని గురించే. నిప్పుల్లో కాల్చి, తట్టి దులిపాం. గడ్డివాము దగ్గర మాత్రం ఈ పని చెయ్యకండి, మా ఆవిడ చేత నేను తిన్న తిట్లు మీకొద్దు.

రెండు విషయాల్లో మేస్త్రి ససేమిరా అన్నాడు. ట్యాంకుకి వెల్డింగు పెట్టనన్నాడు. ఖాళీ ట్యాంకులో కూడా పెట్రోల్ ఆవిరి ఉంటుంది, బాంబులా పేలుతుంది. రెండోది, చక్రం ఇరుసు, స్టీరింగు, బ్రేకు డ్రమ్ము సొంతంగా చెయ్యనన్నాడు. "ఇంజనాగితే తోసుకుని రావచ్చు బాబూ, సెక్రం ఊడితే ఎవులు తోస్తారు?" ఆ సామాన్లు విశాఖ పాత ఇనుము కొట్లలో ఒక పుష్పక్ నుంచి ఏరి తెచ్చాం. ఇంకో మాట, తుప్పు గీకేటప్పుడు ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మీద గ్రైండర్ పెట్టకండి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఆ నంబర్లే ఆధారం. నా కాగితాల పని ఇంకా తేలలేదు, అందుకే రోడ్డెక్కించడం లేదు, పొలం గట్టు దాకానే.

బండి మొదట స్టార్టయిన రోజు ఆ నీలం పొగ చూసి అమ్మ ఏమీ అనలేదు. పొయ్యి మీద పాలున్నాయని లోపలికెళ్లిపోయింది.

షెడ్డులో మేస్త్రి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. వాళ్ల అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం. లేత్ అమ్మేస్తానంటున్నాడు. దాన్నీ కేజీల లెక్కనే అడిగారట. పోయిన వారం నేను ఐటీఐ చదివిన మా అన్నయ్య కొడుకుని తీసుకెళ్లి పరిచయం చేశాను. బుధవారం, ఆదివారం వెళ్తున్నాడు. మొదటి రోజంతా ప్యాకింగు అట్టలే కొట్టించాడట.

విజయ్ సూపర్‌ది గానీ పుష్పక్‌ది గానీ హెడ్‌లైటు రింగు ఎవరి అటక మీదైనా ఉంటే కబురు చెయ్యండి, నేనే వచ్చి తీసుకుంటాను. ప్రస్తుతం స్టీలు గిన్నె మూత బిగించి నెట్టుకొస్తున్నాం.