హరితగృహాల్లో పురుగుమందులు: పాటించవలసిన నియమాలు

వ్యవసాయ విశ్వవిద్యాలయాల హరితగృహాల్లో పరిశోధక విద్యార్థులు, కూలీలు నిత్యం పనిచేస్తుంటారు. నాలుగువైపులా మూసి ఉండటంతో అక్కడ చల్లిన మందు ఆవిరి పొలంలో కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. చల్లినవారికే కాక, ఆ తరువాత మొక్కలను తాకినవారికీ ముప్పు ఉంటుంది.

క్రిమిసంహారక మందుల చట్టం (1968) కింద 1971లో రూపొందిన నియమావళి ప్రకారం మందు చల్లేవారికి వైద్య పరీక్షలు, రక్షణ దుస్తులు, శ్వాస పరికరాలు, శిక్షణ తప్పనిసరి. డబ్బాపై త్రికోణం రంగును బట్టి విష తీవ్రత తెలుస్తుంది. ఎరుపు అత్యంత విషపూరితం. తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా నిరపాయకరం కాదు.

మందు పేరు, చల్లిన సమయం తలుపుపై రాసి ఉంచాలి. లేబులుపై సూచించిన గడువు ముగిసి, గాలి బాగా ఆడిన తరువాతే లోనికి వెళ్లాలి. లోపల తినడం, తాగడం, పొగతాగడం కూడదు. పని ముగిశాక సబ్బుతో స్నానం చేసి, దుస్తులను విడిగా ఉతకాలి. ఖాళీ డబ్బాలను తిరిగి వాడరాదు.

తలతిరగడం, వాంతులు, అతిగా చెమట, చొంగ కనిపిస్తే బాధితుణ్ని వెంటనే ఆసుపత్రికి తరలించాలి. డబ్బా లేబులును తప్పక వెంట తీసుకెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే వైద్యులు తగిన విరుగుడు ఇవ్వగలుగుతారు.